ఫుల్ హేండ్సు సొక్కా

పలాసలో ఇల్లు దొరుకుతాదా అనడిగినావు కదా బావా. డబ్బున్నోడికి దొరకదు, జీతం కాయితం ఉన్నోడికి దొరుకుతాది. ఎలగంటే సెప్తాను. ఈ మిషను ఎలగూ నాలుగ్గంటలు మనల్ని ఒగ్గదు. మీది టెక్కలి అవతలన్నావు, మా ఉద్దానం సంగతులు నీకు తెల్దు, కాబట్టి మొదట్నించీ సెప్పాల. మద్దిలో నాను కునుకు తీత్తే లేపీ.

మాది వజ్రపుకొత్తూరు కాడ సిన్న ఊరు. మా ఊర్లో ఎవులింటికైనా సంబంధంవోళ్ళు ఆరా తియ్యడానికి వత్తన్నారని తెలిసిందంటే, ఆ పూట ఈది ఈదంతా ఫుల్ హేండ్సు సొక్కాలు ఏసుకుంటాది. మే నెల ఎండైనా సరే. నవ్వుతావేటి? నవ్వు, పర్లేదు. డయాలసిస్ కోసరం నీకూ నాకూ సేతిలో నరాలు కలిపి కుట్టినారు కదా, పిస్టులా అని, ఉబ్బి తాడులాగ కనపడతంది కదా, అది సూసినోడు మరి ఆ ఈదిలో పిల్లనివ్వడు, పిల్లనడగడు. మాకేమో ఇల్లిడిసి ఇల్లు కిడ్నీ జబ్బే. అందుకని సొక్కా. మణికట్టు కాడ గుండీ కూడా పెట్టాల, నేదంటే సెయ్యెత్తినప్పుడు జారిపోతాది.

నీళ్ళూ అంతే. వచ్చినోళ్ళు ముందు మంచినీళ్ళడుగుతారు. దాహమై కాదు, మేం ఏ నీళ్ళు తాగుతున్నామో సూడ్డానికి. మా ఆడోళ్ళు కొన్న టిన్ను నీళ్ళు ఇత్తడి బిందిలో పోసి ఉంచి, సెంబుతో ముంచి ఇచ్చి, మా నూతినీళ్ళేనండి అంటారు. ఎవులింటి సంబంధమైనా అంతే, మాటల్లేనోళ్ళ ఇంటిదైనా అంతే. అడగొచ్చినోడికి ఇంకొకళ్ళ ఇంటి గురించి సెడ్డ సెప్పకూడదు. మా కూతురు తనూజ పెళ్ళప్పుడు, గట్టు తగువులో నన్ను కోర్టుకీడ్సిన జానకిరామ్ కూడా సొక్కా గుండీలు పెట్టుకుని వచ్చి, నా పేరెత్తి, సన్యాసి తోటలో కాసినంత జీడి ఈ సుట్టుపక్కల కాయదండి అని సెప్పినాడు. సెప్పీసి నా మొకం సూడకుండా ఎల్లిపోనాడు. పిల్ల ఇచ్ఛాపురం అవతల కాపరం సేసుకుంటంది. ఇప్పుడు ఆళ్ళకీ తెలుసనుకో. అయినా పిల్లని బాగానే సూత్తన్నారు.

సరే, ఇంటి సంగతికొత్తాను.

వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నాక ఊర్నించి రావడం నా వల్ల కానేదు. ఒకసారి ఇక్కడ అయ్యేక ఊరెల్తంటే బస్సులో బీపీ పడిపోయి సీటు కిందికి జారిపోనాను. కండక్టరు నాను తాగేననుకుని దిగిపొమ్మన్నాడు. కాంతం, అదే మా ఇంటిది, ఆడితో దెబ్బలాడి, నన్ను రోడ్డుపక్క జీడిసెట్టు కింద కూకోబెట్టి, మల్లీ ఆటో కట్టించుకుని పలాస తీసుకొచ్చింది. ఆ వారమే పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో అద్దెకి దిగినాం.

అద్దిల్లంటే ఏటనుకున్నావు? మొదటి ఇంటావిడ నా సెయ్యి సూసింది, నెల తిరక్కుండా కాలీ సెయ్యమంది. అద్దింట్లో సావు పడితే ఆ ఇంటికి అరిష్టమంట. రెండో ఇంట్లో పక్క వాటాలో మందస మనిసి నూకయ్యనీ, మనలాటోడే, ఉండేవోడు. ఓ రోజు ఆస్పత్రినించి శవంగా వచ్చినాడు. ఇంటోళ్ళు గేటు తియ్యనేదు. ఊర్నించి బండొచ్చేదాకా రోడ్డువార టార్పాలిను మీద తొంగోబెట్టినారు. వాన తగులుకుంది. ఆయన పెళ్ళాం గొడుగు పట్టుకుని మొగుడి మొకానికి అడ్డం నిలబడింది, కాళ్ళు తడిసిపోతన్నాయి. మా కాంతం ఇంట్లోంచి దుప్పటి పట్టుకెల్లి ఆ కాళ్ళ మీద కప్పింది. ఇంటికొచ్చి అన్నం ఒండనేదు. గుమ్మంలో కూకుని ఒక్కమాటంది.

"నిన్ను రోడ్డుమీద ఎట్టను మావా. నా సొంత అరుగు మీద ఎడతాను."

అంతే బావా, మాకు కావాల్సింది. మేడలూ మిద్దెలూ కాదు. బతికున్నన్నాళ్ళూ ఆస్పత్రికి దగ్గర, పోయేక పొమ్మనేవోడు నేని అరుగు. ఊర్లో అరుగు ఉన్నాది. అక్కడుంటే డయాలసిస్‌కి రాలేక ముందే పోతాను. ఇక్కడ కావాల.

మూడో ఇల్లు రామూర్తిబాబుది. జీడిపప్పు ఫేక్టరీలో మేనేజరుగా సేసి మానీసిన మనిసి. పెళ్ళాం పోయింది, ఎనక గదిలో ఒక్కడూ ఉండేవోడు. అద్దెకని ఎల్తే సెయ్యి సూపించమన్నాడు. సూపించినాను. ఇంక ఇక్కడా అయిపోయింది అనుకున్నాను. ఆయన కళ్ళజోడు సరిసేసుకుని సూసి, "ఎప్పట్నించి?" అని, "సరే, దిగిపోండి" అన్నాడు. ఆ మాటన్నోడు ఈ ఊర్లో ఇంకొకడు నేడు. ఆ మాట నాను మర్సిపోను.

అది మంచి ఇల్లు బావా. ఈ సంగతి నువ్వు గుర్తెట్టుకోవాల. తూరుపు మొకం. ముందు అరుగు, అరుక్కి నాపరాయి పరిపించినాడు, ఎండలో కూడా సల్లగుంటాది. డయాలసిస్ అయ్యి వచ్చినాక నాను దాని మీదే తొంగుంటాను. మిట్ట మద్దేనం సముద్రం గాలి మొదలైతే జీడి పెంకు కాల్సిన వాసన అటు ఎల్లిపోయి, ఇటు ఏపసెట్టు గాలి తగుల్తాది. ఆస్పత్రికి ఆటోలో ఒక్క మలుపు. ఆ అరుగు మీద తొంగున్నప్పుడల్లా, ఇక్కడే ఎట్టినా బాగానే ఉంటాది అనుకునేవోణ్ణి. బయం గాని ఏడుపు గాని రాకుండా అనుకునేవోణ్ణి.

రామూర్తిబాబు విశాఖలో కూతురు కాడికి ఎల్లిపోవాలనుకున్నాడు. ఇల్లు మాకే ఇత్తానన్నాడు, ఇరవయ్యెనిమిది లచ్చలకి. కాంతం మా తోట కొబ్బరికాయ, తమలపాకులు తెచ్చి తాంబూలం సేతిలో ఎట్టింది. ఆయన పుచ్చుకున్నాడు. కార్తీకం దాకా ఆగుతాను, తోట అమ్ముకుని రండి అన్నాడు. మా కాడ తాంబూలం పుచ్చుకున్నాక మరి కాయితాలుండవు.

తోట అమ్మడం ఎంత నరకమో సెప్పనా? తుపానుకి సగం సెట్లు పోయినాయి, మిగిలినవి బాగానే కాత్తన్నాయి. కాని మా తోట కొనేవోడికి బేంకు లోనివ్వదు. సొంత డబ్బే తియ్యాల. సొంత డబ్బు తీసేవోడు నోటు నోటుకీ ఏడుత్తాడు. ఈ సెట్టు వంగిందంటాడు, ఆ సెట్టు ముసిలిదంటాడు. ఊర్లో ఇల్లైతే అడిగినోడే నేడు. గ్రామకంఠం, దస్తావేజుల్లేవు, దానిమీద ఎవులికీ పైసా అప్పు పుట్టదు, అందుకని దానికి ధరే నేదు. నాను కట్టిన గోడలు, నాను ఏయించిన సిమెంటు. ధర నేదు. ఆఖరికి తోట అడిగిన రేటుకి ఇచ్చీసి, కాంతం మెళ్ళో గొలుసు కూడా అమ్మీసి, మొత్తానికి ఇరవయ్యెనిమిదీ సేర్చినాం.

ఈలోగా మా కాంతం అన్నకొడుకు ప్రేమ్‌కుమార్ సెలవుకొచ్చినాడు. మిలిట్రీలో సేత్తన్నాడు. తన పిల్లలు ఊరి నీళ్ళు తాగి పెరక్కూడదని పలాసలో ఇల్లు కొంటానన్నాడు. ఎవుడు కాదంటాడు? మాకు రెండిళ్ళవతల ఒకిల్లు అమ్మకానికుంది. రామూర్తిబాబు ఇంటిలాటిదే, అదే కొలత, ఇద్దరూ ఒకే మేస్త్రీ సేత కట్టించినారు. కాంతమే దగ్గరుండి సూపించింది. ఇంటాయన ముప్పై అని సెప్పుంచినాడు. బేరానికి కూకున్నాం. ఆయనడిగిన మొదటి మాటేటో తెలుసా? బాబూ నీ కాడ ఎంతుంది అనడగనేదు. నీకు లోను ఎంత వత్తాది అనడిగినాడు. మావోడికి బోర్డర్లో కాపలా కాయడం తెలుసు గాని బేరం తెల్దు. బేంకోళ్ళు నలభై దాకా ఇత్తామన్నారండి అనీసినాడు. ఇంటాయన లోపలికెల్లి పెళ్ళాంతో గుసగుసలాడి వచ్చి, మా ఆవిడ ముప్పయ్యెనిమిదికి తక్కువైతే ఒప్పుకోనంటందండి అన్నాడు. ఆ మహాతల్లికి ముప్పయ్యెనిమిది అనే అంకె అప్పుడే ఎలగ తట్టిందో మరి.

ఈడికి బుద్ధి సెప్దామని పక్కకి పిలిసినాను. బేంకు డబ్బే కదా మావా, నెలనెలా జీతంలో కటింగైపోతాది, నాకు తెలీను కూడా తెల్దు అన్నాడు. సూసినావా, సొంత డబ్బు తీసేవోడు ఆ పూటే ఏడుత్తాడు. బేంకు డబ్బు తీసేవోడికి ఏడుపు తరవాతెప్పుడో వత్తాది.

కాని బేంకోళ్ళు ఊరికే ఇవ్వరు కదా. ఆ ఇల్లు అంత సేత్తాదా నేదా అని ఒక ఇంజినీరుని పంపుతారు. ఆయన టేపెట్టి కొలిసి, ఫోటోలు తీసి, ఈదిలో నలుగుర్నీ అడుగుతాడు, ఇక్కడ ఇళ్ళు ఎంతకి పోతన్నాయని. ఆయన రాసిందాన్ని బట్టి లోను. నాను అరుగు మీద తొంగుని ఉన్నాను. కుర్రాడు మా ఇంటికొచ్చి, అమ్మా ఆ ఇల్లు గురించి కొంచెం కనుక్కుందామని అన్నాడు. ఆ మాట ఇనగానే మా కాంతం సర్రున లోపలికెల్లి సెంబుతో నీళ్ళు తెచ్చింది. తెచ్చి ఏటందో తెలుసా? "ముప్పయ్యెనిమిదా బాబూ? సుట్టరికం కొద్దీ తగ్గించి ఇత్తన్నారు. బయటోళ్ళకైతే నలభై పైమాటే." మా బోరు నీళ్ళేనండి అని కూడా అంది. టిన్ను నీళ్ళు.

ఆయన రాసుకుని ఎల్లిపోనాడు. ఆ ఇంటికే అంతంటే మా ఇంటికెంతవుతాదని, నాను కాంతాన్ని నోటికొచ్చినట్టు తిట్టినాను. పెళ్ళైనకాడ్నించీ ఎప్పుడూ అన్ని మాటలు అన్నేదు. తను ఏడవనేదు. మేనల్లుడి ఇంటి గురించి అడగొత్తే సెడ్డ సెప్తానా, అది పెళ్ళి ఆరాలాగే అనిపించింది నాకు, నోరు దానంతటది అనీసింది అంది. దాని మాట నాకు అర్థమైంది. అయినా తిడతానే ఉన్నాను.

ఇల్లు మారనేదు బావా. గోడకి సున్నం కూడా ఎయ్యనేదు. జీతం కాయితం ఉన్నోడొకడు ఈదిలోకి వచ్చినాడు, అంతే. ఆ తరవాత మూలింటోడు అమ్మినప్పుడు ప్రేమ్‌కుమార్ ఇంటి రిజిస్ట్రేషన్ కాయితం సూపించినాడు. ఇంజినీరు దాన్ని సూసి, దానిమీద ఇంకొంచెం ఏసి రాసినాడు. బేంకు ఇచ్చింది. ఆ ఎనక ఇంకో ఇల్లు దాన్ని సూపించుకుంది. పోర్టు వత్తందని కొందరు, ఏర్‌పోర్టు వత్తందని కొందరు అంటారు. మా ఈదిలోకి వచ్చింది పోర్టు కాదు, లోను.

కార్తీకం రాకముందే రామూర్తిబాబు వచ్చినాడు. సొంతింటి గేటు కాడే పరాయోడిలాగ నిలబడ్డాడు. కూకోమన్నా కూకోనేదు.

"మాట తప్పుతున్నాననుకోకు సన్యాసీ. బేంకే నలభై అంటుంటే, ఇరవయ్యెనిమిదికి ఇచ్చేశానంటే మా అమ్మాయి నన్ను గడప తొక్కనిస్తాదా?"

తాంబూలం సంగతి నానూ కాంతమూ ఎత్తనేదు. ఆ మనిసికీ అది ఇష్టం నేదని తెలుత్తంది. సోంపేట కాడ బళ్ళో పంతులమ్మంట, ప్రమోదిని అని, ఇల్లు సూసుకుని ఎల్లిందంట, నలభై రెండిత్తానందంట. డయాలసిస్‌కి ఎల్లినప్పుడు వచ్చుంటాది, మేం సూడనేదు.

నానూ ఊరుకోనేదు. మిగతాది బేంకులో అడుగుదామని, ఈ ఫుల్ హేండ్సు సొక్కా ఏసుకునే ఎల్లినాను. మేనేజరు కుర్రాడు మర్యాదగానే కూకోబెట్టినాడు. వయసడిగినాడు, జీతమడిగినాడు, ఊర్లో ఇంటికి దస్తావేజులడిగినాడు. అన్నీ అయ్యేక, లోనుకి ఇన్సూరెన్సు చేయించాలండి, డాక్టరు పరీక్ష ఉంటుంది అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆడు పాపం ఎందుకు నవ్వుతున్నానో తెలీక తనూ నవ్వినాడు. లేసి వచ్చీసినాను.

అప్పట్నించీ నాకు ఏటీ అనిపించడం మానీసింది బావా. ఈ సెయ్యి ఏళ్ళు మొద్దుబారినట్టు, లోపల కూడా అలగే అయిపోయింది. అన్నం తింతన్నాను, రుసి తెల్దు. కాంతం పక్కన కూకుంటే కూకుంది అని తెలుసు, అంతే. తిట్టడానికి కూడా ఓపిక నేదు.

అప్పుడొచ్చింది మాకు ఒక దారి. రామూర్తిబాబే సెప్పినాడు, ఒకరోజు గోడవార నిలబడి, ఎటో సూసుకుంటా. ఆ పంతులమ్మకి సేతి డబ్బు పెద్దగా నేదంట, మొత్తం లోనుమీదే కొంటందంట. ఇంజినీరు నలభై రెండని రాత్తేనే. తక్కువ రాసినాడంటే ఆ పిల్ల ఒగ్గేత్తాది. ఒగ్గేత్తే నాను ఇంకొకళ్ళ కోసం ఆగను సన్యాసీ, అమ్మాయి తొందర పెడతంది, నీ డబ్బుకే రాసిచ్చెత్తాను అన్నాడు. ఎందుకు సెప్పినాడో నాకు తెల్దు. తాంబూలం గుర్తొచ్చుంటాది. బుధవారం ఇంజినీరు వత్తాడు అని కూడా సెప్పి ఎల్లినాడు.

కాంతానికి పేనం లేసొచ్చింది. బుధవారం పొద్దున్న నన్ను అరుగు మీద కూకోబెట్టింది. సొక్కా ఇవ్వనేదు. బనీనుతో కూకోమంది, సెయ్యి కనపడేలాగ. కొంగు నడుముకి దోపుకుని నా ఎదురుగా నిలబడి, పిల్లాడికి పాఠం సెప్పినట్టు సెప్పింది.

"అబద్ధం ఆడమంటన్నానా మావా? మొన్న వానకి కాలవ నీళ్ళు మెట్టు దాకా రానేదా? వచ్చినాయని సెప్పు. బోరు నీళ్ళు ఉప్పగా నేవా? ఉన్నాయని సెప్పు. సెయ్యి సూపించి, నాను ఇలాటోణ్ణి, ఇప్పుడప్పుడే ఇక్కణ్ణించి కదలనని సెప్పు. అన్నీ నిజాలే."

నిజాలే. ఒక్క ముక్క కల్పించక్కర్నేదు. ఊరకే నోరు తెరిసి ఉన్నది సెప్తే ఇల్లు నాది. సెప్తాను అన్నాను. సెప్పాలనే అనుకున్నాను. నా మీద ఒట్టు బావా, ఆ పొద్దున్న నాకు చాన్నాళ్ళ తరవాత ఆకలేసింది.

పది దాటేక మోటారు సైకిలు ఆగింది. మొదటొచ్చిన కుర్రాడు కాదు, ఇంకొకాయన, కొంచెం వయసున్న మనిసి. ఎండకి మొకం కందిపోయింది. గేటు బయటే సెప్పులు ఇడిసి, రెండు సేతులూ జోడించి దణ్ణం ఎట్టినాడు.

"నమస్కారమండి. ఈ ఇల్లు గురించి కొంచెం కనుక్కుందామని వచ్చాను. లోపలికి రావచ్చా?"

అచ్చం మా తనూజ సంబంధానికి వచ్చిన పెద్దమనిసి అన్నట్టే అన్నాడు. గేటు బయట సెప్పులు ఇడవడం కూడా అలగే. నాను, కూకోండి బాబూ, ఇప్పుడే వత్తాను అని లేసినాను. లోపలికి ఎల్లినాను. మేకుకి తగిలించున్న ఫుల్ హేండ్సు సొక్కా తీసి ఏసుకున్నాను. ఎందుకేసుకున్నానో నన్నడక్కు. ఏసుకుంటన్నానని తెలుసు, ఆపాలని తెలుసు, ఆపనేదు. కుడిసెయ్యి గుండీ పట్టింది గాని ఎడం సెయ్యిది పట్టనేదు, ఏళ్ళు మొద్దు కదా. గుండీతో తంటాలు పడతంటే గుమ్మంలో కాంతం నిలబడింది.

తిడతాదనుకున్నాను. నాను తిట్టిన తిట్లన్నీ తిరిగి నాకే ఇత్తాదనుకున్నాను. కాంతం నా మొకం సూడనేదు. దగ్గరికొచ్చి, ఎడం సెయ్యి పట్టుకుని, పిస్టులా నొప్పెట్టకుండా సొక్కా కిందికి లాగి, మణికట్టు కాడ గుండీ పెట్టింది. పెట్టి వంటింట్లోకి ఎల్లిపోయింది. ఇత్తడి బింది మీద మూత తీసిన సప్పుడు ఇనపడింది.

నాను బయటకొచ్చి ఆయన ఎదురుగా కూకున్నాను. ఆయన అడిగినాడు, ఇల్లు ఎలాంటిదండి అని. సెప్పినాను బావా. బంగారంలాటి ఇల్లండి అన్నాను. తూరుపు మొకమండి, గాలాడతాదండి, ఎండల్లో కూడా ఈ నాపరాయి సల్లగుంటాదండి, సెయ్యేసి సూడండి అన్నాను. ఆయన సెయ్యేసి సూసినాడు. ఆస్పత్రికి ఒక్క మలుపండి, రాత్రీ పగలూ బయం నేదండి అన్నాను. వాననీళ్ళు వస్తాయా అంటే, ఈదిలోకి వత్తాయి గాని మెట్టు దాటవండి అన్నాను. మూడేళ్ళు అదే అరుగు మీద తొంగుని నాలో నాను అనుకున్నవన్నీ బయటకొచ్చీసినాయి. ఆ ఇల్లు ఎంత మంచిదో నాకన్నా ఎవులికి తెలుసు? అంతగా కావాలనుకున్నాను కదా దాన్ని. ఇంకొకళ్ళైతే అంత బాగా సెప్పలేకపోదురు.

కాంతం సెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మా బోరు నీళ్ళేనండి అంది. ఆయన గటగటా తాగి, తియ్యగా ఉన్నాయమ్మా అన్నాడు. ఆకరిగా ఒకటి అడిగినాడు, మీరు కాలీ చెయ్యడానికి ఇబ్బంది ఏమీ లేదు కదా అని. నాను కాంతం మొకం సూసినాను. కాంతం సెంబు అందుకుంటా, ఏటీ నేదు బాబూ అంది.

ఆయనెల్లిపోయేక ఇద్దరం అరుగు మీదే కూకున్నాం. సొక్కా సెమటకి తడిసి ఈపుకి అంటుకుపోయింది. కాంతం అప్పుడు అడిగింది.

"ఎందుకలగ సెప్పినావు మావా?"

"అడగొచ్చినోడికి సెడ్డ సెప్పడం నాకు రానేదే. నువ్వెందుకు నీళ్ళు తెచ్చినావు?"

"నాకూ రానేదు" అంది.

ఏడుపొత్తాదేమో అని సూసినాను, నాకు గాని దానికి గాని. రానేదు. ఏపాకు ఒకటి గాలికి వచ్చి దాని ఒళ్ళో పడింది, తీసి పారేసింది. ఆ పూట అన్నం తినే తొంగున్నాం.

ఇంజినీరు నలభై నాలుగు రాసినాడంట. పంతులమ్మ అడిగినదానికన్నా ఎక్కువే. రామూర్తిబాబు వచ్చి ఆ అంకె సెప్తే, నాను, మంచిదే బాబూ అన్నాను. ఆయన నా ఎడం సెయ్యి పట్టుకుని, గుండీ కాడ ఏలెట్టి నొక్కి, ఒగ్గేసి ఎల్లిపోనాడు. ఆ అమ్మాయి ప్రమోదిని కూడా వచ్చింది. ఒట్టి మనిసి కాదు, కడుపుతో ఉంది. మీరు తొందరపడక్కర్లేదండి, ఈ నెలాఖరుకి కాలీ చేస్తే చాలు అంది. అరుగు మీద సెయ్యేసి, అబ్బ ఎంత సల్లగుందో అనుకుంది. దాని మీద నాకు కోపం రానేదు. ఎవుల మీదా రానేదు.

మా డబ్బు ఇరవయ్యెనిమిది లచ్చలూ బేంకులోనే ఏసినాం. అక్కణ్ణించే ఇంకెవులికో లోను ఎల్తాదంట, ఇంకో ఈదిలో ఇల్లు కొనుక్కోడానికి. ప్రేమ్‌కుమార్ సెప్పినాడు, నవ్వులాటకి. నాను నవ్వినాను.

నిన్న సామాన్లు కట్టడం మొదలెట్టినాం. కాంతం బట్టలన్నీ సర్దుతా, ఈ సొక్కా కూడా ఉతికి మడత పెట్టి పెట్లో ఏసింది. తియ్యమన్నాను. ఎందుకు మావా, ఇంక ఏ ఆరా వత్తాది అంది. మనమే ఎల్లాల కదే, అద్దిల్లు అడుక్కోడానికి, అన్నాను. కాంతం సొక్కా తీసి, మడత ఇప్పి, మేకుకి తగిలించింది.

ఇదిగో, అదే సొక్కా. మిషను కోసం మోసెయ్యి దాకా మడిసినాను, సూడు. ఇది అయ్యేసరికి రెండవుతాది. బయట బల్ల మీద కాంతం కూకునుంది. మోడల్ స్కూలు ఎనక ఏదో వాటా కాలీగా ఉందంట. నర్సమ్మ సూదులు తీసి బేండేజీ కట్టేక, కాంతం వచ్చి సెయ్యి కిందికి లాగి గుండీ పెడతాది, ఇద్దరం ఇల్లు సూడ్డానికి ఎల్తాం.